బొటనవేలు చూపించిన రెక్క

ఒట్టేసి చెప్పినా మీరు నమ్మరు. ఒట్టు తీసి గట్టున పెట్టి చెప్పినా నమ్మరు. అయినా వినండి.

నాగలింగం సామి ఒకప్పుడు పత్తిచేలకి మందు కొట్టే విమానం నడిపినోడు. ఎంత కిందికి దిగేవాడంటే, చేలో రైతు తలపాగా చెదిరేది కాదు గానీ నోట్లో బీడీ ఆరిపోయేది. ముసలితనంలో, యుద్ధంనాటి పాత రన్‌వే పక్కన రేకుల షెడ్డు వేసుకుని, విమానం నేర్చుకునేవాళ్ళకి గురువయ్యాడు. ఆయనకో అలవాటుంది. ఏది అడిగినా నోటితో జవాబు చెప్పడు. "ఎక్కి కూర్చో" అంటాడు.

ఆయన శిష్యుడు బోరుబండి ఓబులేసు. ఇక్కడ నీళ్ళు పడతాయని ఊళ్ళకి ఊళ్ళని నమ్మించి బతికినవాడు, అందుకేనేమో తను మాత్రం ఎవర్నీ నమ్మడు. పెట్టెల్లో ముక్కలుగా వచ్చే చిన్న విమానం తెప్పించి, బామ్మర్ది తిప్పన్నతో కలిసి బిగించాడు. పక్కపక్కన రెండు సీట్లు, నెత్తిన గాజు బుడగ, విమానాన్ని అటూ ఇటూ తిప్పడానికి ఎవరి మోకాళ్ళ మధ్య వాళ్ళకో స్టిక్. ఎంత తేలికంటే, ఒక రెక్క మీద కాకి వాలితే రెండో రెక్క మీద ఇంకో కాకిని బతిమాలి కూర్చోబెట్టాల్సి వచ్చేది. స్టిక్‌ని రెండు వేళ్ళతో పట్టుకుంటే చాలు, మనసులో అనుకునేలోపే తిరుగుతుందని సామి చెప్పేవాడు. ఆ మాటా ఓబులేసు నమ్మలేదు.

మొదటిసారి గాల్లోకి లేవాల్సిన రోజు తెల్లారుతూనే షెడ్డుకొచ్చాడు. పెట్రోలు వాసన చూశాడు. టైర్లు తన్ని చూశాడు. సామి ఎప్పుడూ కుడి సీట్లోనే ఎందుకు కూర్చుంటాడు, అటునుంచి దూకడం తేలికేమో అనుకున్నాడు. అన్నిటికంటే పెద్ద అనుమానం తిప్పన్న మీద. వాడు తను బిగించిన ప్రతి నట్టు మీదా పెళ్ళాం గోళ్ళరంగుతో ఎర్రగీత గీసేవాడు, నట్టు కదిలితే గీత తెగి తెలిసిపోతుందని. ఇన్ని గీతలు గీసేవాడు ఏదో దాస్తున్నాడని ఓబులేసు లెక్క. గీతలు గోటితో గీకేసి, సీటు కింద స్టిక్ నుంచి రెక్కల చివర కదిలే రేకులకి పోయే తీగలు రెండూ విప్పాడు. ఒక్క తప్పూ దొరకలేదు. దాంతో అనుమానం ఇంకా ముదిరింది. విసుక్కుంటూ తన చేత్తోనే మళ్ళీ బిగించాడు.

పొద్దెక్కాక సామి వచ్చి సీటు కిందికి తొంగిచూశాడు.

"ఇంతమంది చేతులు పడిన దీన్ని ఎవర్ని నమ్మి ఎక్కాల సామీ?"

"ఎక్కి కూర్చో."

తనూ పక్కన కూర్చుని బెల్టు బిగించుకున్నాడు. ఇంజను మోగింది. రన్‌వే మొదట్లో ఓబులేసు వేగం పెంచబోతుంటే, సామి ఆ చెయ్యి పట్టి ఆపాడు. స్టిక్ మీద బొటనవేలు నిలువుగా పెట్టి, స్టిక్‌ని ఎడమకి వంచమన్నాడు. వేలు ఏ రెక్క వైపు చూపిస్తే, ఆ రెక్క చివరి రేకు పైకి లేవాలన్నాడు.

ఓబులేసు వంచాడు. వేలు ఎడమ రెక్కని చూపించింది. ఎడమ రేకు కిందికి వాలింది, కుడిది లేచింది. అలాగే ఎగిరుంటే, ఎడమకి తిప్పితే కుడికి పడి, ఇద్దరూ తుమ్మముళ్ళల్లో తేలేవాళ్ళు.

ఓబులేసు వేలు దించడం కూడా మరిచిపోయి తిప్పన్నని తిట్టడం మొదలుపెట్టాడు. వాడి బుద్ధి పెళ్ళినాడే తెలుసన్నాడు, తీగలు అటుదిటు బిగించి తనని చంపజూశాడన్నాడు, వాణ్ణి ఊళ్ళో తిరగనివ్వనన్నాడు.

సామి ఇంజను ఆపేశాడు. విమానం ముక్కున పంకా తిరిగి తిరిగి నిలబడింది. ఇంకా నిలువుగానే ఉన్న ఆ బొటనవేలి గోటి సందులో ఎర్రరంగు పొట్టు ఎండకి మెరుస్తోంది.

"రెక్కని చూసింది చాల్లేరా" అన్నాడు సామి. "వేలు చూసుకో."

ఇదంతా కోతలంటారా? అన్నవాణ్ణి ముందుకి రమ్మనండి. వచ్చేముందు గోళ్ళు చూపించమనండి.