తలుపులో నీళ్లు

రేవుపాలెం ఆటోనగర్‌లో టింకరింగ్ షెడ్డు నడిపే మహబూబ్ సుభానీ ఉస్తాద్‌కు ఒక అలవాటు ఉండేది. ఎవరేమడిగినా నోటితో జవాబు చెప్పేవాడు కాదు. అడిగినవాడి చేతికి ఒక పనిముట్టు ఇచ్చేవాడు. రేకు ఎందుకు వంగిందని అడిగితే సుత్తి, ఎందుకు వంగలేదని అడిగితే ఇంకా పెద్ద సుత్తి. ఆయన దగ్గర చేరినవాళ్లకు నాలుగు నెలల్లో పని రావడం సంగతేమో గాని, ప్రశ్నలు మాత్రం బాగా తగ్గేవని చెప్పుకునేవారు.

ఆ శిష్యుల్లో అందరికంటే పెద్దవాడు, అందరికంటే ఆలస్యంగా చేరినవాడు కోదండపాణి మాస్టారు. హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరై, రెండేళ్లు ఊరికే కూర్చుని, అరవై నాలుగో ఏట గ్రైండరు పట్టుకున్నాడు. ఉస్తాద్ ఆయన్ను ‘మాస్టారూ’ అనేవాడు, ఆయన ఉస్తాద్‌ను ‘గురువుగారూ’ అనేవాడు. కొత్తగా షెడ్డుకు వచ్చినవాళ్లకు ఎవరు ఎవరికి నేర్పుతున్నారో వెంటనే తెలిసేది కాదు. “నా చేతిపని ఒక్కసారి చూస్తే తెలిసిపోతుందండీ” అని మాస్టారే వాళ్లకు దారి చూపించేవాడు.

ఇంత ముదిమిలో శిష్యరికానికి కారణం ఒక పాత కారు. గుండ్రటి ముక్కు, కప్పలాంటి కళ్లు, నాలుగు తలుపులు. మాస్టారి భార్య వకుళమ్మ తండ్రి కొన్నది. పందొమ్మిదో ఏట ఆవిడ దాని మీదే డ్రైవింగు నేర్చుకుని, మునిసిపాలిటీ కొళాయిని గుద్దేసి, దాన్ని మళ్లీ నిలబెట్టేదాకా అక్కణ్నించి కదలని మనిషి. తరవాత ఆసుపత్రిలో నర్సుగా చేరింది, హెడ్ నర్సయింది. కారు మాత్రం పుట్టింటి రేకుల షెడ్డు కింద ఇరవై ఏళ్లు సముద్రపు ఉప్పుగాలి పీలుస్తూ నిలబడిపోయింది. ఒకరోజు ఇంటికొచ్చి మామూలుగా ఆసుపత్రి గోడు వెళ్లబోసుకుంటూ, మధ్యలో, “రిటైరైన రోజున నా కారు నేనే తోలుకుంటూ ఇంటికి రావాలని ఉందండీ” అంది. అని, మళ్లీ పనిచెయ్యని నీళ్ల పంపు సంగతిలోకి వెళ్లిపోయింది. ఆ మాటను మాస్టారు పట్టుకున్నాడు. ఆవిడ రిటైరయ్యేది నవంబరు ముప్పై. ఇంజను సంగతి మెకానిక్కు చూసుకుంటాడు, ఒంటికి పట్టిన తుప్పు మటుకు తన చేత్తోనే వదిలించాలని పట్టుబట్టాడు.

మొదటి చిల్లును ఆయన లప్పంతో పూడ్చి, వాటర్ పేపరుతో రుద్ది, అద్దంలా నునుపు చేసి గురువుకు చూపించాడు. ఉస్తాద్ వేలు పెట్టి నొక్కాడు. వేలు లోపలికి పోయింది. “బాగుంది” అన్నాడు ఉస్తాద్, వేలు బయటికి తీసుకుంటూ. మర్నాడు రేకు కత్తెర చేతికిచ్చాడు. అప్పుడు తెలిసింది మాస్టారికి, పైకి ఆవగింజంత కనపడే చిల్లు లోపల రూపాయి బిళ్లంత ఉంటుందని, గట్టి రేకు తగిలేదాకా కోసుకుంటూ పోవాలని, కోసినంత మేరకు కొత్త రేకు ముక్క కత్తిరించి, ఒక్కసారిగా కాకుండా చుక్కచుక్కగా వెల్డింగు పెట్టి అతకాలని. మొదటి పది అతుకులూ కురుపుల్లా లేచాయి. కోసి పారేసి మళ్లీ వేశాడు. కళ్లు మండాయి, చొక్కాలకు చిల్లులు పడ్డాయి. కారుకు ఒక చిల్లు మూస్తే చొక్కాకు రెండు పడుతున్నాయని ఆయనే చెప్పి నవ్వేవాడు. అయినా రోజూ తొమ్మిదింటికల్లా షెడ్డులో ఉండేవాడు. పిల్లల కాంపోజిషన్లు దిద్దినట్టు ఎర్ర సుద్దతో ఒక్కో చిల్లు చుట్టూ సున్నా చుట్టి, నంబరు వేసి, ఈ కారుకు ఒక్క చిల్లు కూడా మిగలకూడదని ఒట్టు పెట్టుకున్నాడు.

నవంబరు రెండో వారంలో ఉస్తాద్ కడప ఉరుసుకు వెళ్లాడు. వారం పాటు షెడ్డు మాస్టారిదే. చివరి చిల్లు మూసి, ఇక అయిపోయిందనుకుని, ఎందుకైనా మంచిదని కారు కింద పడుకుని చూశాడు. నాలుగు తలుపుల అడుగు అంచులోనూ మూడేసి చిల్లులు, గోరంత పొడవున, మట్టీ కుళ్లిన ఆకులూ పట్టి కనపడ్డాయి. గురువు కంటికి కూడా ఇవి ఆనలేదని మాస్టారికి లోలోపల కాస్త గర్వం కలిగింది. పన్నెండింటినీ మూశాడు. ఆయన వేసిన అతుకులన్నిటిలోకీ అందంగా కుదిరినవి అవే. పక్క షెడ్డు పెయింటరు మీగడ రంగు కొట్టాడు. కారు పెళ్లికొడుకులా ఆరుబయట నిలబడింది. ఆ రాత్రీ మర్నాటి రాత్రీ వాన కురిసింది.

ఉస్తాద్ తిరిగొచ్చి కారు చుట్టూ ఒకసారి తిరిగాడు. తలుపు పక్కన గొంతుక్కూర్చుని అడుగు అంచు మీద బొటనవేలు పోనిచ్చాడు. లేచి టీ చెప్పాడు. మెచ్చుకోలు కోసం ఎదురుచూసిన మాస్టారు, అది వచ్చే సూచన కనపడక, ఇరవై రోజులుగా మనసులో మెదులుతున్న మాట బయటపెట్టాడు.

“గురువుగారూ, పని సంగతి కాదు, ఇంటి సంగతి. మా ఆవిడ మాట్లాడటం మానేసింది.”

“అలిగిందా మాస్టారూ?”

“అలక నాకు తెలీదా, ముప్పై ఏడేళ్ల సర్వీసు. ఇది అలక కాదు. అడిగితే జవాబు చెబుతుంది, అన్నం పెడుతుంది. అంతే. ఆసుపత్రి నుంచి వచ్చి కిటికీ దగ్గర కూర్చుంటుంది. ఇంకో పది రోజుల్లో రిటైరవుతుంది. ఆ తరవాత ఇద్దరం ఆ ఇంట్లో పొద్దస్తమానం ఇట్లాగే కూర్చోవాలా అని భయమేస్తోంది.”

“ఇంతకుముందో?”

“ఇంతకుముందు రోజూ గంటసేపు ఏకరువు. పంపు పనిచెయ్యలేదు, స్టోరు తాళం కనపడలేదు, నైట్ డ్యూటీ మళ్లీ నాకే వేశారు. బడికి వెళ్లే రోజుల్లో నేను పేపర్లు దిద్దుకుంటూ ఊఁ కొట్టేవాణ్ని. తప్పే లెండి. రిటైరయ్యాక దిద్దుకున్నాను. ఒక్కటి వదల్లేదు గురువుగారూ. పంపు అంటే అర్జీ రాసిచ్చాను. తాళం అంటే రెండో తాళం చేయించుకోమన్నాను. డ్యూటీలంటే చార్టు గీసిచ్చాను. ఆవిడ నోరు తెరిచేలోపల దారి చూపించేవాణ్ని. పాపం, చెప్పుకోవడానికి ఏమీ మిగల్చలేదు.” మాస్టారు గ్లాసులోకి చూసుకున్నాడు. “మరెందుకు మాట్లాడదంటారు?”

ఉస్తాద్ టీ తాగడం ముగించి, “ఆ తలుపు ఒకసారి తీసి వెయ్యండి” అన్నాడు.

మాస్టారు తలుపు తీశాడు. మామూలు కంటే బరువుగా ఉంది. వేశాడు. లోపల ఏదో గుడగుడమంది, కొబ్బరిబోండాం చెవి దగ్గర పెట్టుకుని ఊపినట్టు. మళ్లీ తీసి వేశాడు. మళ్లీ గుడగుడ. మిగతా మూడు తలుపులూ ఊపి చూసి, చివరిదాని దగ్గర ఊపుతూ ఊపుతూ ఆగిపోయాడు.

“నీళ్లు” అన్నాడు. “ఎట్లా వచ్చాయి గురువుగారూ? ఒక్క చిల్లు లేదే.”

“రావడానికి చిల్లు అక్కర్లేదు మాస్టారూ. కిటికీ అద్దం పక్కనుంచి ఏ కారుకైనా వస్తాయి. పోవడానికి కావాలి.” ఉస్తాద్ కారు కిందికి వంగి చూపించాడు. “మీరు నలభై ఒకటి మూశారు. ఇరవై తొమ్మిది తుప్పు పెట్టినవి. ఈ పన్నెండూ కారు చేసినవాడు పెట్టినవి.”

మాస్టారు ఆ అతుకుల వంకా మెరిసిపోతున్న మీగడ రంగు వంకా చూశాడు. మూడు తరాల పిల్లలకు ఎర్ర సిరా పెట్టిన చేతికి, సరైన మాటను కూడా కొట్టేసిన రోజులు గుర్తుకొచ్చాయి. ఉస్తాద్ షెడ్డులోకి వెళ్లొచ్చాడు. అలవాటు ప్రకారం చేతికి డ్రిల్లు మిషను ఇచ్చాడు.

ఆ పూట మాస్టారు భోజనానికి వెళ్లలేదు. కారు కింద వెల్లకిలా పడుకుని, తన చేతిపనిలో అన్నిటికంటే అందంగా కుదిరిన అతుకులను ఒక్కొక్కటిగా తొలిచాడు. ఒక్కో కన్నం తెరుచుకున్నప్పుడల్లా తుప్పు రంగు నీళ్లు గుండెల మీద పడ్డాయి. తుడుచుకోలేదు. పన్నెండూ అయ్యాక లేచి, అంచులు సాపు చేసి, ప్రైమరు పూసి, పక్క షెడ్డు పెయింటరు దగ్గరికి వెళ్లి తలవంచుకుని నిలబడ్డాడు.

ఇంట్లో ఆ పని అంత తేలిగ్గా జరగలేదు. సాయంత్రం ఆయన అర్జీ కాగితాలూ చార్టులూ బీరువాలో పడేసి, కిటికీ దగ్గర భార్య పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఆవిడ ఏమీ అనలేదు. రెండో రోజూ అంతే. నాలుగో రోజు, “స్టోరు తాళం మళ్లీ కనపడలేదు” అంది, అని ఆయన వంక అనుమానంగా చూసింది. మాస్టారి నాలుక చివరిదాకా ఒక మంచి ఉపాయం వచ్చింది. దాన్ని మింగేసి, “తరవాత?” అన్నాడు. తరవాత ఏమీ లేదంది ఆవిడ, లేచి వంటింట్లోకి వెళ్లింది. ఆయన మర్నాడు కూడా కుర్చీ వేసుకున్నాడు.

నవంబరు ముప్పైన మీగడ రంగు కారు ఆసుపత్రి గేటు ముందు నిలబడింది. ముందు రాత్రంతా వాన కురిసి పొద్దుటికి తెరిపిచ్చింది. ఇంజను చప్పుడు వినాలని ఉస్తాద్ కూడా వచ్చి వెనక సీట్లో కూర్చున్నాడు. వకుళమ్మ మెడలో దండతో బయటికొచ్చి, కారును చూసి, చాలాసేపు దాని ముక్కు మీద చెయ్యి వేసి నిలబడింది. దండ తీసి భర్త చేతికిచ్చి స్టీరింగు ముందు కూర్చుంది. రైల్వే గేటు దాకా ఒక్క మాట లేదు. గేటు పడి ఉంది. గూడ్సు బండి నెమ్మదిగా పోతోంది.

“క్లచ్చు మరీ గట్టిగా ఉంది” అంది ఆవిడ.

మెకానిక్కుకు చెబుతానని అనబోయి, మాస్టారు దండలోని బంతిపువ్వు ఒకటి తుంచాడు.

“ఇంత బరువు దండ ఎందుకు వేస్తారో” అంది. గేటు లేచింది. “ఉపన్యాసంలో నా పేరు తప్పు చదివాడండీ ఆ సూపరింటెండెంటు. ముప్పై ఆరేళ్లు చేశాక బకుళమ్మట.” అక్కణ్నించి ఆగలేదు. నైట్ డ్యూటీలు, తన చేతుల్లో పుట్టినవాళ్లు, చేతుల్లో పోయినవాళ్లు, పెళ్లయిన కొత్తలో పుస్తె తాకట్టు పెట్టి కొనుక్కున్న యూనిఫాం బూట్లు, ఎన్నడూ ఎవరికీ చెప్పని ఒక పసిపాప సంగతి. ఇల్లొచ్చింది. కారు ఆగింది. ఇంజను ఆపేసి, రెండు చేతులూ స్టీరింగు మీదే ఉంచి, ఎదురుగా గోడ వంక చూస్తూ చెబుతూనే ఉంది. 

మాస్టారు దిగి, కారు చుట్టూ తిరిగి ఆవిడ వైపు వచ్చాడు. ఆవిడ కూర్చున్న వైపు తలుపు అడుగు నుంచి రాత్రి కురిసిన నీళ్లు, పొద్దున్నే కడిగి ముగ్గు పెట్టిన గచ్చు మీద బొట్లుబొట్లుగా పడుతున్నాయి. చెయ్యి అలవాటు ప్రకారం జేబులోంచి గుడ్డ తీసింది. నోరు కూడా తెరుచుకుంది. ఆ సూపరింటెండెంటుకు ఒక ఉత్తరం రాస్తే ఎలా ఉంటుందన్న వాక్యం, కర్త కర్మ క్రియలతో సహా, అప్పటికే సిద్ధంగా ఉంది.

వెనక సీటు కిటికీలోంచి ఉస్తాద్ మెల్లగా అన్నాడు: “గుడ్డ జేబులో పెట్టుకోండి మాస్టారూ. చాలా వాన పడింది. అంతా పోవడానికి కాసేపు పడుతుంది.”