తిరపతమ్మ మీద పోటీకి దిగిన మహారాజు

పేరు చెబితే ఆ ఊరివాళ్ళు తగవుకొస్తారు గనుక, ఒకానొక రాజ్యం అని మాత్రం అనుకుందాం. దాన్ని అరిభీకరవర్మ అనే మహారాజు ఏలేవాడు. ఆయన బిరుదులు చదవడానికి ఇద్దరు వందిమాగధులు ఉండేవారు. ఒకడికి ఊపిరి అందకపోతే రెండోవాడు అందుకునేవాడు.

ఆయన తాతగారు ఏ మంచి గడియలో ఉన్నాడో గాని, ప్రజలే ఎన్నుకునే శాసనసభ ఒకటి పెట్టి పోయాడు. పేటకొక సభ్యుడు. నిలబడిన వారి పేరున వరసగా కుండలు పెడతారు. పేటలోని పెద్దవాళ్ళంతా వచ్చి, నచ్చినవారి కుండలో తలా ఒక చింతగింజ వేసి పోతారు. ఎవరికి ఎక్కువ గింజలు పడితే వారు సభ్యులు. కొత్త పన్ను వెయ్యాలంటే మహారాజైనా ఆ సభ చేత సరేననిపించుకోవాల్సిందే.

గానుగపేట నుంచి ప్రతిసారీ తిరపతమ్మే గెలిచేది. నువ్వుల నూనె ఆడించి అమ్ముకునే మనిషి. పేటలో వాళ్ళంతా ఆమెను అత్తా అంటారు.

ఎన్నికలు దగ్గరపడుతున్నాయనగా మహారాజు ఒకనాడు అంబారీ ఎక్కి గానుగపేట మీదుగా వెళ్ళాడు. జనమంతా అరుగుల మీద నుంచి దిగి నడుములు వంచి దండాలు పెట్టారు. మహారాజు మీసం దువ్వుకున్నాడు. సరిగ్గా అప్పుడే సందులోంచి తిరపతమ్మ నూనెకుండ చంకనెత్తుకుని వచ్చింది. అంతే, వంగిన నడుములు లేచాయి, మొహాలు విప్పారాయి. "అత్తా, మోకాలి నొప్పి తగ్గిందా?" అని ఒకరు, "అత్తా, మా ఇంటికి రాకుండా పోతున్నావేం?" అని ఒకరు. అంబారీ మీద మహారాజు ఉన్నాడన్న సంగతే మరిచిపోయారు. మావటివాడు కూడా, "బాగున్నావా అత్తా?" అనేశాడు.

మహారాజు విసురుగా కోటకు తిరిగొచ్చాడు. ఆ పూట అన్నం సయించలేదు. "నన్ను చూస్తే నడుములు వంగుతాయి, దాన్ని చూస్తే మొహాలు వెలుగుతాయి. నాకున్న కిరీటం దానికుందా? ఏనుగుందా? నూనె జిడ్డు తప్ప ఏముంది దానికి?" అని మహారాణి దగ్గర ఒకటే గొణుగుడు.

"మీకు అసూయగా ఉంది," అంది మహారాణి.

"నాకా! నూనె అమ్ముకునే దాని మీదా!" అని మహారాజు లేచి వెళ్ళిపోయాడు. మర్నాడు నిండు కొలువులో, తాను గానుగపేట నుంచి శాసనసభకు నిలబడుతున్నానని ప్రకటించాడు.

కొలువంతా నిర్ఘాంతపోయింది. రాజు నిలబడకూడదని తాతగారి శాసనంలో లేదు మరి. ఏ రాజూ అంత పని చేస్తాడని ఆయనకు తోచి ఉండదు.

ఆస్థాన జ్యోతిష్కుడు వామదేవ సిద్ధాంతి వెంటనే పంచాంగం విప్పి, వేళ్ళు మడిచి, కళ్ళు మూసి తెరిచాడు. "గురుడు ఉచ్చస్థానంలో ఉన్నాడు ప్రభూ! తమరి కుండ పొంగి పొర్లుతుంది," అన్నాడు. మహారాజు మెడలోని ముత్యాలహారం తీసి ఆయన మెడలో వేశాడు.

కొలువులో ఒక మూల పుల్లాభొట్లు మీసాల చాటున నవ్వుకుంటున్నాడు. చమత్కారానికి ఆస్థానంలో జీతం పుచ్చుకునేవాడు ఆయనొక్కడే. ఆ నవ్వు మహారాజు కంట పడింది.

"ఏం పుల్లాభొట్లూ, నీ జోస్యం వేరా? చెప్పు. నేను ఓడిపోతానన్నావా, అది రాజద్రోహం. సిద్ధాంతి మాటనే అప్పజెప్పావా, నీకు జీతం దండగ. నువ్వు చెప్పింది జరిగితే అడిగింది ఇస్తాను. జరక్కపోతే పెళ్ళాం పిల్లలతో పొలిమేర దాటాలి."

కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. సభికులంతా పుల్లాభొట్లు వంక జాలిగా చూశారు. సిద్ధాంతి మాత్రం హారం సవరించుకుంటూ చూశాడు.

పుల్లాభొట్లు లేచి చేతులు జోడించాడు. "ప్రభూ, గింజలన్నీ తమరి కుండలోనే పడతాయి. తిరపతమ్మ కుండలో ఒక్కటీ పడదు. కాని ఆ పొద్దు దీపాలు పెట్టే వేళకు, గెలిచింది తిరపతమ్మే, ఓడింది నేనే అని తమరే ఊరంతా దండోరా వేయిస్తారు."

కొలువు గొల్లుమంది. "పాపం, భయంతో బుర్ర చెడింది," అన్నాడు సిద్ధాంతి. మహారాజు కూడా పొట్ట పట్టుకుని నవ్వాడు. పుల్లాభొట్లు ఇంటికి వెళ్ళి, మూటాముల్లె ఏదీ కట్టొద్దని భార్యకు చెప్పి హాయిగా పడుకున్నాడు. ఆవిడ మాత్రం కట్టింది.

ఎన్నికనాడు గానుగపేటలో రెండు కుండలు పెట్టారు. చుట్టూ బల్లాలు పట్టుకుని భటులు నిలబడ్డారు. రాజు తలచుకుంటే దెబ్బలకు కొదవా? వచ్చినవాడల్లా భటుల వంక చూసి, తిరపతమ్మ కుండ వంక చూసి, నిట్టూర్చి, మహారాజు కుండలో గింజ వేసి పోయాడు.

సాయంత్రం మహారాజే స్వయంగా కుండలు పగలగొట్టాడు. ఆయన కుండలోంచి గింజలు జలజలా రాలాయి. రెండో కుండలో ఏమీ లేదు.

"తన గింజ కూడా తను వేసుకోలేదా?" అని ఆశ్చర్యపోయాడు మహారాజు.

"లేదు ప్రభూ," అన్నాడు భటుడు. "పాపం, అంతటివాడు ఆశపడ్డాడు అని అదీ తమరి కుండలోనే వేసింది."

ఆ మాట మహారాజుకు ముల్లులా గుచ్చుకుంది. అయినా గెలుపు గెలుపే గదా అని కోటకు వెళ్ళి, ముందుగానే చేయించి ఉంచిన విందు వడ్డించమన్నాడు. లడ్లు గుట్టలు పోశారు. జయజయధ్వానాలతో జనం విరగబడి వస్తారని ఎదురుచూస్తూ మేడ మీద కూర్చున్నాడు. పక్కన పుల్లాభొట్లు ఒక్కడే ఉన్నాడు.

ఎవరూ రాలేదు.

జనం వీధుల్లోకైతే వచ్చారు. గిన్నెలు, తపేలాలు, మూతలు పెట్టిన దాకలు నెత్తిన పెట్టుకుని గుంపులు గుంపులుగా వస్తున్నారు. వచ్చి, కోట వైపు కాక గానుగపేట సందుల్లోకి తిరుగుతున్నారు.

"ఎక్కడికి వీళ్ళంతా?" అన్నాడు మహారాజు.

"తిరపతమ్మ ఇంటికి ప్రభూ. పేటల్లో పాత ఆచారం. ఓడినవారి ఇంట ఆ పూట పొయ్యి వెలగకూడదు. గింజ వెయ్యనివాళ్ళే తమ ఇంట్లో మంచివంట వండి పట్టుకెళ్ళి, పక్కన కూర్చుని, 'ఏమనుకోకు' అని దగ్గరుండి తినిపిస్తారు. లేకపోతే తెల్లారి ఒకరి మొహం ఒకరు ఎలా చూసుకుంటారు?"

"మరి గెలిచినవాడికో?"

"గెలిచినవాడికి గెలుపుంది గదా ప్రభూ. ఇంకేం కావాలి?"

గాలికి గుత్తివంకాయ కూర వాసన మేడ మీదికి కొట్టింది.

"అది కుమ్మరి సీతయ్య ఇంటిది," అన్నాడు పుల్లాభొట్లు అమాయకంగా. "ఆ వెనక వస్తున్నది చేపల పులుసు కాబోలు. అదిగో, ఈసారి పేటలో ఒక్కరూ ఆమెకు గింజ వెయ్యలేదు చూడండి, అందుకే పేటంతా వండారు. ఇంత పెద్ద ఓటమి ఇదివరకు ఎవరికీ దక్కలేదు ప్రభూ."

మహారాజు కళ్ళు చిట్లించి చూశాడు. "ఆ పనసపొట్టు కూర మోసుకుపోతున్నవాడు మన వంటవాడు కాదూ?"

"వాడే ప్రభూ."

"ఆ తలపాగా... సిద్ధాంతిదా?"

"ఆయనదే ప్రభూ. మోస్తున్నది దద్దోజనం అనుకుంటాను. ఆయన కూడా గానుగపేట వారే గదా."

మహారాజు పెదవి కొరుక్కున్నాడు. ఇంతలో కోట ద్వారం తెరుచుకుంది. ఒక పల్లకీ బయటికి వచ్చింది. తెర సందులోంచి పులిహోర పళ్ళెం కనబడుతోంది. పల్లకీ కూడా గానుగపేట వైపే తిరిగింది.

"మహారాణి కూడానా!" అని మహారాజు చివాలున లేచాడు. ఇన్నేళ్ళుగా సింహాసనం మీద కూర్చున్నాడు, ఒక్కరంటే ఒక్కరు పక్కన కూర్చుని తిన్నావా అని అడిగిన పాపాన పోలేదు. ఓడిపోయినా దానికే అన్నీనా? గెలిచినా తనకు ఎండిపోయిన లడ్లేనా?

"మంత్రీ! దండోరా వేయించు! గెలిచింది తిరపతమ్మ! ఓడిపోయింది నేను!"

మంత్రి పరుగెత్తుకొచ్చాడు. "ప్రభూ, గింజలన్నీ తమరి కుండలోనే గదా..."

"భటుల్ని చూసి వేసిన గింజలు గింజలా? నేను చిత్తుగా ఓడిపోయాను. నా రాజ్యంలో నాకు ఓడిపోయే హక్కు కూడా లేదా? వెయ్యి దండోరా!"

డప్పు మోగింది. గానుగపేటలో ఒక్క క్షణం అంతా సద్దుమణిగింది. తర్వాత గిన్నెల చప్పుడు కోట వైపు మళ్ళింది.

అందరికంటే ముందు తిరపతమ్మ వచ్చింది. మేడ మెట్లు ఎక్కి, ఆయాసం తీర్చుకుని, మహారాజు పక్కన చతికిలబడి, నువ్వుల చిమ్మిలి ఉండ చేతిలో పెట్టింది. "ఏమనుకోకు నాయనా. ఎన్నికలన్నాక ఒకరు గెలుస్తారు, ఒకరు ఓడతారు. తిను. బాగా చిక్కిపోయావు," అంది.

మహారాజు నోరు తెరవబోతే ఉండ నోట్లోకి పోయింది. సీతయ్య వంకాయ వడ్డించాడు. ఇంకెవరో అన్నం కలిపి పెట్టారు. "వచ్చేసారి చూద్దాంలే బాబూ," అని ఒక ముసలాయన ఏకంగా మహారాజు భుజమే తట్టాడు. భటులు బల్లాలు ఎత్తబోయారు. మహారాజు కళ్ళతోనే వద్దన్నాడు. ఎదురుగా అన్నీ విప్పారిన మొహాలే, తన వంకే చూస్తున్నాయి. మహారాజు కళ్ళు చెమ్మగిల్లాయి. కారం ఎక్కువైందని అబద్ధమాడాడు.

అప్పుడు పుల్లాభొట్లు మెల్లగా దగ్గాడు. "ప్రభూ, దీపాలు పెట్టారు."

మహారాజు చేతిలో ముద్ద చేతిలోనే ఆగిపోయింది. జోస్యం సంగతి అప్పుడు గుర్తొచ్చింది. పుల్లాభొట్లు వైపు తిరిగి, "ఎలా కనిపెట్టావయ్యా?" అన్నాడు.

"సిద్ధాంతిగారు ఆకాశం చూసి చెప్పారు ప్రభూ. నేను తమరి కళ్ళు చూసి చెప్పాను. ఆవిడ చేతిలో గెలుపుంటే తమరికి గెలుపు కావాలనిపించింది. ఓటమి ఉంటే ఓటమి కావాలనిపించింది. పొరుగింటి పుల్లకూర రుచి అటువంటిది."

మహారాజు ముందు కిసుక్కుమన్నాడు. తర్వాత పొలమారేటంతగా పకపకా నవ్వాడు. తిరపతమ్మ నెత్తి మీద తట్టి నీళ్ళు తాగించింది.

"అడుగు పుల్లాభొట్లూ, ఏం కావాలి?"

"మా ఆవిడ మూటాముల్లె కట్టేసి ఉంది ప్రభూ. ఎలాగూ కట్టింది గనుక, పెద్ద ఇల్లొకటి ఇప్పిస్తే అందులో విప్పుకుంటుంది."

మహారాజు కోట పక్కనే రెండంతస్తుల ఇల్లు రాసిచ్చి, చేతి బంగారు కడియం తీసి ఆయన చేతికి తొడిగాడు. గుంపులోంచి వామదేవ సిద్ధాంతి, మెడలోని ముత్యాలహారం మరిచిపోయి, ఆ కడియం వంకే చూస్తూ నిలబడ్డాడు.

అది చూసి మహారాజు ఒక లడ్డు తీసి సిద్ధాంతి చేతిలో పెట్టి, "ఏమనుకోకు," అన్నాడు.