వాసన లేని గది

శశికళకు ఫార్మిక్ ఆమ్లమంటే హడల్. చీమ కుడితే మంట పుట్టించేది అదే. సీసా మూత తీస్తే చాలు, ముక్కు పగిలేంత ఘాటు. తీరా చూస్తే ఆమె పరిశోధన దాని మీదే. ఆ ఆవిరిని గాజు గొట్టంలోకి పంపి, అతినీలలోహిత కాంతి వేస్తే అణువు ఎలా విరుగుతుందో చూడాలి.

"సార్, ఈ భయం పోయే దారి చెప్పండి," అని గురువు తిరువెంగళాచారి గారిని అడిగింది.

"పని చెయ్యమ్మా," అన్నారాయన. పెళ్ళి కుదరడం లేదని వాపోయిన విద్యార్థికి కూడా ఆయన అదే చెప్పారంటారు.

ఒకరోజు పొద్దున్నే ఇంకా బలమైన దీపం బిగించి, తలుపు మూసుకుని పనిలో కూర్చుంది. రోజూ గొట్టం అతుకుల దగ్గర ముక్కుకు తగిలే ఘాటు ఆ రోజు తగల్లేదు. ఆనందం పట్టలేకపోయింది. కాస్త తల నొప్పిగా ఉంటే బస్సు ప్రయాణం వల్లేమో అనుకుంది.

మధ్యాహ్నం వరండాలో సార్ ఎదురయ్యారు.

"ఆమ్లమంతా విరిగిపోయింది సార్! గదిలో వాసనే లేదు. నాకింక భయం లేదు," అని చెప్పి మళ్ళీ లోపలికి వెళ్ళబోయింది.

ఆయన ముఖం పాలిపోయింది. ఎన్నడూ గొంతు కూడా పెంచని మనిషి ఆమె చెయ్యి పట్టుకుని ఇవతలికి లాగేశారు. బయటి స్విచ్చు ఆపారు. తన గదిలోంచి గాలిని పరీక్షించే అరచేతంత మీటరు తెచ్చి, బూజుకర్ర చివర కట్టి, తలుపు సందులోంచి లోపలికి చాచారు.

మీటరు కీచుమని అరిచింది. ఆగలేదు.

"విరిగింది సరే. విరిగి ఏమైంది?"

ఆ సమీకరణం శశికళ తనే బోర్డు మీద ఎన్నోసార్లు రాసింది. "నీళ్ళు... కార్బన్ మోనాక్సైడ్."

బొగ్గుల కుంపటి పెట్టుకుని, తలుపులు మూసి పడుకున్నవాళ్ళను మళ్ళీ లేవనివ్వని గాలి అది, దానికి వాసనే ఉండదు. బయటికి పోవాల్సిన గొట్టం ఎక్కడో ఊడిపోయి ఉండాలి. పొద్దున్నుంచీ ఆ గాలే పీల్చింది.

ఆయన ఆమెను మెట్లు దింపి ఆరుబయటికి నడిపించారు. కూర్చునే గట్టు కనిపించగానే ఆమె దాని మీద కూర్చోబోయింది.

"ఇక్కడ ఏమైనా వాసన వస్తోందా అమ్మా?"

ఆమె భయంభయంగా గాలి పీల్చింది. "లేదు సార్."

"నాకూ రావడం లేదు," అన్నారాయన. "పద, ఇంకొంచెం దూరం పోదాం."