హేమ బదులు బడికెళ్ళిన ఇంటిల్లిపాది

నేను ఇదివరకెప్పుడూ ఏమీ రాయలేదు. నోటితో చెబితే మా వీధి పిల్లలు నవ్వుతారు. రాస్తే ఎవరైనా నవ్వుతారో లేదో మరి, చూడాలి.

కాలవగట్టు మీద ఒక ఊరు. ఆ ఊళ్ళో గనిరాజు ఇల్లంత తెలివైన ఇల్లు ఇంకోటి లేదు. ఈ మాట ఊరివాళ్ళు అన్నది కాదు, గనిరాజే అన్నాడు. "ఎవరేం చెప్పినా, చెప్పింది చెప్పినట్టు చేసేది మనమేనే మాణిక్యం" అని పెళ్ళాంతో రోజూ అనేవాడు. మాణిక్యం నిజమేనని తలూపేది. అత్త మంగాయమ్మని ఎవరూ అడక్కపోయినా, ఆవిడా ఊపేది.

వాళ్ళకి ఒక్కతే కూతురు, హేమ. హైస్కూల్లో తొమ్మిదో తరగతి. ఆ ఇంట్లో ఆ పిల్లకి ముందు ఐదు దాటి చదివినవాళ్ళు లేరు. పిల్ల పదిలోకి ఎక్కితే చాలు, వీధంతా బూరెలు పంచుతానని మాణిక్యం అమ్మవారికి మొక్కుకుంది. ఆవిడకి లోకంలో ఉన్న ఒకే ఒక్క కోరిక అది.

ఆ యేడు బడికి కొత్త హెడ్మాస్టరు వచ్చాడు. "పిల్లల చదువంటే మా ఒక్కళ్ళ పనా? తల్లిదండ్రులు కూడా ఓ చెయ్యి వెయ్యాలి" అని మీటింగు పెట్టి చెప్పి, ఫోన్లో గ్రూపు పెట్టించాడు. ఇంకేముంది! సైన్సు వాళ్ళదో కబురు, సోషలు వాళ్ళదో కబురు. ఒకళ్ళు కబురు పెడితే మిగతా సార్లంతా దణ్ణం బొమ్మలు పెట్టేవాళ్ళు. చదివి కాదు, హెడ్మాస్టరు చూస్తాడని.

ముందు సైన్సు మేడం పెట్టింది: "ఎవరో చెప్పారని ఏదీ నమ్మకండి. ఇంట్లో స్వయంగా చేసి చూసి, అప్పుడే నమ్మండి."

ఆ సాయంత్రం పక్కింటి సుబ్బాయమ్మ గోడ మీంచి కేకేసింది. "ఒసే మాణిక్యం, మీ గేదె పలుపు వదులైందే! బిగించకపోతే పారిపోద్ది!"

"నువ్వు చెప్పావని ఎలా నమ్ముతాం పిన్నీ? చేసి చూడాలి" అంది మాణిక్యం.

అంతే, గనిరాజు వెళ్ళి పలుపు పూర్తిగా ఊడదీశాడు. గేదె కాసేపు వీళ్ళ మొహాలు చూసింది. తర్వాత పోయింది.

"పోయిందే!" "పోయిందిరా!" "మేడంగారిది ఎంత తెలివో చూడు!" ముగ్గురూ చప్పట్లు కొట్టారు.

ఇక గేదెని ఎవరు తోలుకురావాలి? సోషలు సారు అప్పుడే పెట్టాడు: "ఇంట్లో ఏ పనైనా ఓట్లేసుకుని తేల్చుకోండి." చెంబు పెట్టి ఓట్లేశారు. గనిరాజు తల్లికేశాడు, తల్లి కోడలికేసింది, కోడలు మొగుడికేసింది. ముగ్గురూ సమానం. మళ్ళీ ఎన్నికలు. మళ్ళీ సమానం.

"నాన్నా, నేను తోలుకొస్తాను" అంది హేమ.

"నీకు పద్దెనిమిదేళ్ళు నిండలేదే. కూర్చో."

వీళ్ళు ఇలా ఓట్లేసుకుంటుంటే గేదె బడి దొడ్లోకి పోయి, మధ్యాహ్న భోజనానికని పెంచిన గోంగూర మడి మొత్తం మేసి, దానంతటదే ఇంటికొచ్చింది. "చూశారా, ఎన్నికలు పెడితే పని ఎలా అయిపోయిందో!" అంది మంగాయమ్మ.

హెడ్మాస్టరు మండిపడ్డాడు. గ్రూపులో రెండు కబుర్లు ఒకేసారి పెట్టాడు. ఒకటి: "రేపు తల్లిదండ్రులు రోజంతా బడిలో కూర్చుని పాఠాలు చూడాలి." రెండోది: "యూనిఫాం లేనిదే గేటులోకి ఎవర్నీ రానివ్వం."

ఇంకేముంది! హేమవి రెండు జతలున్నాయి. ఒకటి మాణిక్యం తొడుక్కుంది, కుట్లు పటపటమన్నాయి. రెండోది మంగాయమ్మ తొడుక్కుని, రెండు జడలేయించుకుని, రిబ్బన్లు కట్టించుకుంది. మిగిలిన బెల్టు గనిరాజు నడుముకి చాలక తలకి చుట్టుకున్నాడు.

"మరి నేనేం వేసుకోను?" అంది హేమ ఏడుపు మొహంతో.

"నీకెందుకే? మేం వెళ్తున్నాంగా! నువ్వు గేదెని చూసుకో."

క్లాసులో హాజరు పిలిచారు. "హేమలత?"

"ఆయ్, వచ్చామండి!" ముగ్గురూ లేచారు.

హెడ్మాస్టరు పరిగెత్తుకొచ్చాడు. "పిల్ల ఏదమ్మా?"

"గేదె దగ్గరుందండి. మీరు ఓ చెయ్యి వెయ్యమన్నారు కదండీ. మొత్తం మేమే వేసేశాం."

ఆయన నెత్తి పట్టుకున్నాడు. "రేపట్నించి పెద్ద పరీక్షలు. రేపు హేమ రాకపోతే పదిలోకి ఎక్కించను. వింటున్నారా? హేమ మాత్రమే రావాలి. మీ ఇంట్లోంచి ఇంకేదీ ఈ గేటు దాటకూడదు. మీరు గానీ, మీ గేదె గానీ, ఇంకోటి గానీ!"

మాణిక్యానికి మొక్కుకున్న బూరెలు గుర్తొచ్చాయి. పది పోతే ఎలా? "ఇంకేదీ రాదండి. మాటంటే మాటేనండి, ఆయ్" అంది. ఇంటికెళ్ళే దారంతా ఆ మాటే వల్లెవేసుకుంది.

మర్నాడు పొద్దున్నే హేమ తయారై గుమ్మం దిగుతుంటే మాణిక్యం అడ్డంగా నిలబడింది. "ఆగు. బట్టలూ సంచీ బడివాళ్ళిచ్చినవి, ఉండనీ. ఆ పెన్ను మనది. తియ్యి. అన్నం బాక్సు తియ్యి. జళ్ళో పువ్వులు మన దొడ్లోవి, తియ్యి."

"పెన్ను లేకుండా ఎలా రాయనమ్మా?"

"సారు నిన్ను రమ్మన్నారు. పెన్నుని రమ్మన్నారా?"

హేమ అన్నీ అరుగు మీద పెట్టి కదిలింది. మాణిక్యానికి ఏదో తట్టింది. "ఆగవే! బుర్రలో ఏం పట్టుకెళ్తున్నావు?"

"చదివిందంతా."

"ఎక్కడ చదివావు?"

"ఈ అరుగు మీదే."

"మనింటి అరుగు మీదా! అమ్మో, కొంప మునిగేది! దించెయ్యవే, అంతా ఇక్కడే దించేసి వెళ్ళు!" అని లోపల్నించి ఇత్తడి పళ్ళెం తెచ్చి పిల్ల గడ్డం కింద పట్టింది.

ఏం చేస్తుంది హేమ? పద్యాలు, నదులు, ఎక్కాలు గడగడా మొదలెట్టింది. అంతలో బడి గంట వినబడింది. అంతే, పిల్ల పళ్ళేన్ని తోసేసి ఒకటే పరుగు. వెనకాల మాణిక్యం పళ్ళెం పట్టుకుని ఒకటే పరుగు. హేమ గేటు దాటేసింది. మాణిక్యం గేటు బయటే ఆగిపోయి, పళ్ళెం కమ్మీల్లోంచి లోపలికి చాపి, బడంతా వినబడేలా కేకేసింది:

"ఒసే హేమా! పదమూడో ఎక్కం ఇంకా లోపలే ఉండిపోయిందే! సారు చూసేలోగా వచ్చి ఇందులో చెప్పేసి పోవే!"