గుంతలో వెలసిన మూరవేరమ్మ

ఎర్రబండపల్లె కొర్రచేల నడుమ ఉన్న మూరవేరమ్మ గుడికి తొలిసారి వచ్చినవారు పీఠం వైపు చూసి చేతులు జోడిస్తారు. పీఠం మీద ఏమీ ఉండదు. పూజారమ్మ నవ్వి కింద ఉన్న గుంతను చూపిస్తుంది. మోకరించి తల వంచితేనే అమ్మ దర్శనం, ఎంతటివారికైనా అంతే.

పూర్వం ఇక్కడ రెండేళ్లు వానలు మొహం చాటేశాయి. మూడో పైరూ ఎండితే ఊరు వదలాలని పెద్దరైతు చౌడప్ప బండ్లు సిద్ధం చేయించాడు. తమ చేలో రాళ్లన్నీ తన చేత్తో ఏరిన కోడలు ఓబులక్కకు ఆ మాట వింటేనే ప్రాణం విలవిల్లాడేది. ఆ దిగులుతో కలుపు తీస్తూ, ఒకచోట అసలు కొర్రను పీకేసి అడవి కొర్రను ఉంచేసింది. వెన్ను, అదే కంకి, వేసేదాకా రెండూ ఒకేలా ఉంటాయి మరి!

“ఏమ్మే, పైరు పీకి గడ్డిని సాకుతాండావా?” అని చౌడప్ప గయ్యిమన్నాడు.

వాన మళ్లీ ఎగ్గొట్టింది. చేనంతా ఎండినా ఆ గడ్డిదుబ్బు ఒక్కటే పచ్చగా నిలిచింది. మిట్టమధ్యాహ్నం దాని పక్కనే కునుకు తీసిన ఓబులక్కకు కలలో ఒక ముసలమ్మ కనబడి, “పైన చూసి ఏడ్చింది చాలు, కింద తవ్వి చూడు తల్లీ” అంది. లేచి తవ్వింది. కొర్ర వేరు జానెడైతే దీని వేరు మూరెడు దాటి, తడిమట్టిలోకి దిగి, ఒక నల్లరాతిని చుట్టుకొని ఉంది. ఆ రాయే నేటి అమ్మవారు.

“మామా, ఈ వేరు మన కొర్రకు వస్తే మనం యాడికీ పోయే పన్లేదు” అని ఓబులక్క ఆయన కాళ్లు పట్టుకుంది. అడవి కొర్ర గింజ ముట్టుకుంటే రాలిపోతుంది, అది పిట్టలకే పంట. అందుకే రెంటినీ పక్కపక్కన పెంచి, వాటి కలయికతో పుట్టిన మొక్కల్లో గింజ నిలిచేదీ వేరు దిగేదీ ఏరుకుంటానంది. చౌడప్ప దారిబత్తెంగా దాచిన కొర్రలు ఆమె ఒడిలో పోశాడు. సామాన్లు కట్టిన బండి ఒకటి మాత్రం వాకిట్లోనే ఉంచాడు.

ఏడు పంటలు గడిచాయి. వేరు తవ్వి చూడనిదే ఓబులక్క ఏ గింజనూ విత్తనానికి దాచలేదు. వేరు పొట్టిదైతే ఎంత పెద్ద వెన్నైనా వంటకే పోయేది. కొందరు ఊరు వదిలి వెళ్లిపోయారు. ఆమె చేలో కూర్చుని ఏడ్చిన రోజులూ ఉన్నాయి. ఏడో ఏడు వాన ముందే ఆగినా చేను గింజ పట్టింది. చూపు మందగించిన చౌడప్ప ఒక మొక్క వేరును చేతికి ఆనించి మోచేతి నుంచి తడుముకుంటూ పోయాడు. వేలికొన దాటినా వేరు అయిపోలేదు.

“బండిలో సామాన్లు దించండిరా!” అని అరిచి, కోడలి తల నిమిరి బావురుమన్నాడు.

నేటికీ కోతల తర్వాత తొలి మంగళవారం రైతులు వేరుతో సహా ఒక మొక్కను తెస్తారు. టెంకాయ లేకున్నా ఫరవాలేదు, వేరు మాత్రం కడిగి తేవాలి. పూజారమ్మ తన మూరతో కొలుస్తుంది. మూర దాటిన మొక్క విత్తనం అందరికీ పంచుతారు. పొట్టి వేరు తెచ్చినవారిని అమ్మ చిన్నబుచ్చదు, తొలి పిడికెడు వారికే. ప్రతి చేలో ఒక మూల అడవి కొర్ర దుబ్బును పీకకుండా వదులుతారు. అమ్మను నమ్మి విత్తినవారి వాకిట్లో సామాన్లు కట్టిన బండి నిలవదని ఇక్కడివారి గట్టి నమ్మకం.