నూరు పలుగురాళ్లు

అడవికి ఉత్తరాన ఒక గుట్ట ఉండేది. సింహం తన గుహ చుట్టూ ప్రహరీ కట్టించుకోవాలని ఆ గుట్టలో రాయి తీయించేది. ఎవరి నుంచి కాపాడుకోవడానికి ఆ ప్రహరీ అని అడగకండి, సింహాన్ని అడిగినవాళ్లు ఎవరూ తిరిగొచ్చి జవాబు చెప్పలేదు.

మేకలు గొర్రెలు రాళ్లు ఏరేవి, గాడిదలు మోసేవి, ఎద్దు బయ్యన్న పెద్ద బండల్ని తాడు కట్టి లాగేది. బయ్యన్నకి ఇంకో పని కూడా ఉండేది. పొద్దున్నే పని మొదలెట్టే ముందు గుట్ట అంచున తలల మీదికి వంగి ఉన్న బండల్ని కొమ్ముతో తట్టి వినేది. గట్టి రాయి ఖంగుమంటుంది. లోపల బీట ఇచ్చిన రాయి పగిలిన కుండలా డొల్లగా పలుకుతుంది. అలా పలికిన బండ కిందికి ఆ రోజు ఎవరూ పోకూడదు. ముందు దాన్ని పడగొట్టాలి, తర్వాతే పని. ఇది బయ్యన్న తాతల నాటి పద్ధతి.

ఆ ఏడు ఎండాకాలంలో ఒక కోతి, రెండు గొర్రెలు రాళ్ల కింద పడి చచ్చాయి. సింహానికి కోపం వచ్చింది. చచ్చినందుకు కాదు, పని ఆగినందుకు. వెంటనే నక్క చక్రపాణిని పిలిచి, "ఇకమీదట గుట్ట మీద ఎవరికీ దెబ్బ తగిలిందన్న మాట నా చెవిన పడకూడదు" అంది.

నక్క ఆ ఆజ్ఞను అక్షరం పొల్లుపోకుండా అర్థం చేసుకుంది. దెబ్బ తగలకూడదని కాదు, చెవిన పడకూడదని.

మర్నాడు నక్క గుట్ట కింద ఒక చదునైన బండ కడిగించి, దాని మీద ఒక తెల్లటి పలుగురాయి పెట్టించింది.

"తల్లులారా, తండ్రులారా" అంది చేతులు జోడించి. నక్క వినయాలు మీకు తెలియనివి కావు. "దెబ్బ తగలకుండా గడిచిన ప్రతి రోజుకీ ఇక్కడ ఒక రాయి పెడతాను. నూరో రాయి పెట్టిన నాడు ఒక్కొక్కరికీ శేరు ఉలవలు, బెల్లం గడ్డ. మధ్యలో ఎవరికైనా దెబ్బ తగిలిందా, రాళ్లన్నీ పారబోసి మళ్లీ ఒకటి నుంచి. రోజూ పొద్దున నేను 'అందరూ క్షేమమేనా?' అంటాను. మీరంతా ఒక్క గొంతుతో 'క్షేమమే' అనాలి. అంతే."

పన్నెండో రోజున కుందేలు కాలివేలు రాయి కింద నలిగింది. అమాయకురాలు, నిజం చెప్పింది. నక్క దాన్ని ఒక్క మాట కూడా అనలేదు. కళ్లు తుడుచుకుంటూ పన్నెండు రాళ్లనీ గుట్ట కిందికి పారబోసింది. తిట్టే పని మిగిలినవాళ్లే చూసుకున్నారు. "వేలికింత రాద్ధాంతమా? మా అందరి నోటి దగ్గర కూడు తీసేశావు గదమ్మా!" అని మేక గంగులమ్మ వారం రోజులు సాధించింది. ఎనిమిదో రోజున కుందేలు పనిలోకి రాలేదు, ఎందుకు రాలేదో అడగడానికి ఎవరూ పోలేదు.

ఆ తర్వాత గుట్ట మీద ఎవరికీ దెబ్బే తగల్లేదు! కన్ను వాచిన గొర్రె "కందిరీగ కుట్టింది" అంది. దుమ్ముకి రాత్రంతా దగ్గే ముసలి గాడిద "పడిశెం" అంది. అందరూ శ్రీవైష్ణవులే, బుట్టెడు రొయ్యలు మాయం. రాళ్లు మాత్రం మళ్లీ ఒకటి నుంచి వరసగా పెరిగాయి.

ఎనభై మూడో నాడు ఓబులేసు అనే గాడిద వెనక కాలు మీదికి పదునైన రాయి జారి, గిట్ట పైన ఎముక కనబడేదాకా తెగింది. చూసింది ఇద్దరే, బయ్యన్న, గంగులమ్మ.

"పో, చెప్పుకో. పది రోజులు పడుకుంటే మానుతుంది" అంది బయ్యన్న.

"చెప్పొద్దు సామీ, నీ కాళ్లు మొక్కుతా!" అంది ఓబులేసు. "నా పెండ్లాము మొన్ననే ఈనింది. పాలు లేవు. ఆ శేరు ఉలవలు దాని కడుపులో పడితేనే బిడ్డ బతికేది. ఇంక పదిహేడు రోజులే కదన్నా."

గంగులమ్మ బురద తెచ్చి పుండు మీద మెత్తి, పైన ఆకు కట్టింది. "ముల్లు గుచ్చుకుందని చెప్పు. ఎవురూ అడగరులే."

బయ్యన్న తల అడ్డంగా ఊపింది గానీ నోరు తెరవలేదు. బయ్యన్న మంచిదని మీరనుకుంటున్నారేమో, నేనూ అనుకుంటాను. కానీ ఆ రోజు దాని నోరు మూయించింది నక్క కాదు. ఉలవల మాట వినగానే దానికీ నోరూరింది. ఆ సంగతి చెప్పకుండా దాటెయ్యడం నాకు ఇష్టం లేదు.

నూరో రోజు తెల్లవారింది. "అందరూ క్షేమమేనా?" అంది నక్క. "క్షేమమే!" అన్నారు అందరూ. ఓబులేసు గొంతు అందరికంటే పైకి వినిపించింది.

బయ్యన్న పోయి అంచున ఉన్న బండల్ని తట్టింది. ఎడమ వైపు బండ డొల్లగా పలికింది. కుడి వైపు బండ తట్టింది. అదీ అంతే.

"బీట ఇచ్చినాయి. రెండూ పడగొట్టాల. ఈ పొద్దు పని వద్దు" అంది బయ్యన్న.

"బండ పడిందా?" అడిగింది నక్క.

"ఇంకా పడలేదు."

"ఎవరికైనా తగిలిందా?"

"పడకుండా ఎట్ల తగులుతుంది?"

"మరి ఇందులో ప్రమాదం ఎక్కడుంది బయ్యన్నా? పని మానేస్తే మానేద్దాం, నాకేం పోయింది. కానీ పని లేని రోజుకి నేను రాయి పెట్టలేను. సింహంగారు రేపు చూడటానికి వస్తున్నారు. తొంభై తొమ్మిది చూసి వెళ్లిపోతారు. తర్వాత ఉలవల సంగతి ఆయన దయ."

చెప్పి నక్క పక్కకి జరిగింది. ఇంక అది మాట్లాడాల్సిన పని లేదు, మందంతా బయ్యన్న మీద పడింది.

"నూరు దినాలు ఓర్చుకున్నాము, ఇంకొక్క పూట ఓర్చుకోలేవా?" అంది గంగులమ్మ.

"నీకు ముసలితనం వచ్చి చెవులు పోయినాయన్నా" అంది ఒక గొర్రె.

ఓబులేసు మాత్రం కుంటుకుంటూ దగ్గరికొచ్చి, "రేపు నేను గూడా నీతో ఉండి పడగొడతా. ఈ ఒక్క పూట..." అంది.

బయ్యన్న తాడు మెడకు తగిలించుకుంది.

మధ్యాహ్నం దాటాక ముందు ఇసక రాలింది. తర్వాత గులకరాళ్లు. "పరుగెత్తండి!" అని బయ్యన్న రంకె వేసింది. అందరూ పరుగెత్తారు. మేకలు, గొర్రెలు, ఆయాసపడే ముసలి గాడిద కూడా బయటపడ్డాయి. ఓబులేసు నాలుగు అడుగులు వేసింది, అయిదో అడుగుకి వెనక కాలు మడతపడింది. ఎడమ వైపు బండ దాని మీద కూలింది.

దుమ్ము అణిగాక నక్క వచ్చింది. బండని కాదు, మందని చూసింది.

"అందరూ తప్పించుకున్నారే. ఓబులేసు ఎందుకు పరుగెత్తలేకపోయాడు?"

"కాలికి దెబ్బుండాది" అంది గంగులమ్మ ఏడుస్తూ.

"ఎప్పటిది?"

"పదిహేడు దినాలైంది."

"ఇక్కడ తగిలిందా?"

గంగులమ్మ పలుగురాళ్ల వైపు చూసింది.

"ఇక్కడ తగిలి ఉంటే పదిహేడు పొద్దులు 'క్షేమమే' అని ఎందుకంటాడు? ఈ పొద్దున కూడా అన్నాడు, మీరంతా విన్నారు, మీరూ అన్నారు. అంటే ఆ కుంటితనం ఇంటి దగ్గర నుంచి తెచ్చుకున్నది. పాపం, తన కుంటితనంతో తనే పోయాడు. గుట్టకి సంబంధం లేదు." అని నక్క గాఢంగా నిట్టూర్చి, నూరో పలుగురాయి బండ మీద పెట్టింది.

ఉలవలు పంచారు. ఓబులేసు వాటా దాని పెండ్లానికి పంపమని గంగులమ్మ అడిగితే, "సాయంత్రం వరసలో నిలబడ్డవాళ్లకే" అంది నక్క. తిన్నారా అంటారా? తిన్నారు. ఏడుస్తూనే తిన్నారు. తిలాపాపం తలా పిడికెడు.

బయ్యన్న తన శేరు మూటకట్టి ఓబులేసు ఇంటికి తీసుకుపోయింది. ఆ తల్లి మూట వైపు చూడలేదు.

"ఆయన కాలు నువ్వు చూసినావా అన్నా?" అని ఒక్క మాట అడిగింది.

బయ్యన్న మూతి నేలకు దించుకుని, మూట అక్కడే పెట్టి వచ్చేసింది.

మర్నాడు సింహం వచ్చింది. కడిగిన బండ మీద నూరు పలుగురాళ్లు ఎండకి మెరుస్తుంటే చూసి దానికి ఒళ్లు పులకరించింది.

"భేష్ చక్రపాణీ! అడవి మొత్తంలో ఇంతకంటే క్షేమమైన చోటు లేదన్నమాట. నీలాంటివాడు ఎక్కడో పొదలో ఉండటం నాకు నామర్దా. ఇదిగో, ఆ కుడి వైపు బండ కింద గుహ నీది. ఈ రోజే ఆలుబిడ్డలతో వచ్చి కాపురం పెట్టు. నెలకోసారి వచ్చి నీ ఇంట్లో విందు తింటాను."

నక్క తోక కాళ్ల మధ్యకి పోయింది. "ప్రభువుల దయ" అంది.

సాయంత్రానికి నక్క పెళ్లాం, నలుగురు పిల్లలు ఆ బండ కిందికి చేరారు. పిల్లలు గెంతినప్పుడల్లా పైనుంచి చారెడు ఇసక రాలుతోంది. పనైపోయి పోతున్న బయ్యన్నకి నక్క పరుగున ఎదురెళ్లింది.

"బయ్యన్నా, ఒక్కసారి తట్టి చూడవూ! నిన్నటి కుదుపుకి సర్దుకునే ఉంటుంది కదూ?"

బయ్యన్న తట్టింది. అబద్ధం చెప్పడం దానికి చేతకాదు. "లోపలంతా బోలు. ఓబులేసు మీద పడిన బండకి తోడబుట్టింది ఇది. పిల్లల్ని తీసుకుని ఈ గడియే బయటికి రా. పోయి సింహానికి చెప్పు."

"ఎలా చెప్పమంటావయ్యా?" అంది నక్క. "చెబితే ఆ నూరు రాళ్లూ అబద్ధమని తేలిపోదూ?"

బయ్యన్న నక్క పిల్లల వైపు ఒకసారి చూసింది.

"మేమూ నూరు దినాలు అదే అనుకుంటిమి" అని తాడు భుజాన వేసుకుని ఇంటిదారి పట్టింది.

నీతి: దెబ్బ తగిలిందని చెప్పనివ్వని చోట, చివరికి ఆ మాట చావే వచ్చి చెబుతుంది.