తిరిగిచూసినమ్మ గుట్ట

తుమ్మలమడుగు నుంచి బండలబాటన మూడు మైళ్లు నడిస్తే తిరిగిచూసినమ్మ గుట్ట వస్తుంది. గుడి చిన్నది. అమ్మవారి ఒళ్లు తూర్పుకు ఉంటే ముఖం మాత్రం భుజం మీదుగా పడమటికి తిరిగి ఉంటుంది. వీపున గొంగడి ఉంటుంది, అందులో బిడ్డ ఉండదు. శిల్పి పొరపాటు చేశాడని కొత్తవాళ్లు అనుకుంటారు. పొరపాటు కాదు.

పూర్వం ఇక్కడ కిటికీలు లేని ఒక రాతి కొట్టు ఉండేది. నడవలేని పిల్లల్ని, మాట రానివాళ్లను, మూర్ఛలు వచ్చేవాళ్లను చుట్టుపక్కల ఊళ్లవారు అందులో వదిలేవారు. అప్పటి గుట్ట అమ్మవారే అడుగుతోందని, పొద్దు గుంకేలోగా తన దగ్గరికి తీసుకుపోతుందని పూజారి చెప్పేవాడు. అమ్మవారు ఎప్పుడూ అతని కలలోకే వచ్చేది. అప్పగింతకు ఒక పద్ధతి ఉండేది. తల్లి తలుపుకు వీపు పెట్టి నిలబడి ‘నా బిడ్డ కాదు’ అని మూడుసార్లు చెప్పాలి. వెనక్కి చూడకుండా గుట్ట దిగాలి. చూస్తే ఊరు మాడిపోతుందని అందరూ నమ్మారు.

గొర్రెలు కాసే బీరవ్వకు కొమురవ్వ అని అయిదేళ్ల కూతురు. నడక లేదు, మాట లేదు. గొంగడిలో ఆ బిడ్డను వీపున కట్టుకునే బీరవ్వ మంద వెంట తిరిగేది. రెండేళ్లు వానలు లేకపోయేసరికి ఊరి చూపంతా ఆ గొంగడి మీద పడింది. ఒక్కదాని కోసం మందనంతా చంపుకుంటావా అని అత్త దెప్పింది. చివరికి గొంగడి ముడి విప్పింది భర్త అయిలయ్యే.

మిట్టమధ్యాహ్నం పూజారి ఒక్కడే బిడ్డను లోపల పెట్టి తలుపు మూశాడు. ఊరంతా కింద నిలబడి వింటోంది. బీరవ్వ ఒకసారి చెప్పింది. రెండోసారి గొణిగింది. అప్పుడు తలుపు వెనక ఊపిరి వినిపించింది. ఒక్క బిడ్డది కాదు, చాలామందిది.

“లోపల ఎవ్వలున్నరయ్యా?” అని అడిగింది.

“ఎవ్వలు లేరు. అందర్ని అమ్మ తీస్కపోయింది. మూడోపారి చెప్పు,” అన్నాడు పూజారి.

మాడిపోయే ఊళ్లో బీరవ్వ మిగతా పిల్లలూ ఉన్నారు. అయినా తిరిగి చూసింది. జనం కళ్లు మూసుకుని నేలమీద పడ్డారు. ఆమె గడియ తీసి చూస్తే, కొమురవ్వ పక్కన ఆ మధ్యే వదిలిన ఇంకా తొమ్మిదిమంది పిల్లలు ఊపిరితో పడి ఉన్నారు. వాళ్ల వెనక ఎముకలు. ఎవరూ ఏడవడం లేదు. ఏడ్చినా ఎవరూ రారని నేర్చుకున్న పిల్లలు వాళ్లు.

“ఈళ్లంత నా బిడ్డలే,” అన్నది బీరవ్వ. మూడోసారి ఆమె చెప్పిన మాట అది.

కిందనుంచి ముందు కదిలింది ఊరిపెద్దలు కాదు, అంతకుముందు అదే తలుపుకు వీపు పెట్టి వెళ్లిపోయిన తల్లులు. కొందరికి తమ పిల్లలు దొరికారు. కొందరికి దొరకలేదు.

ఆ ఏడు వాన పడిందా అని భక్తులు అడుగుతుంటారు. పడలేదు. మరుసటి ఏడూ పడలేదు. పిల్లలు బతికారు.

నేటికీ అటువంటి బిడ్డలున్న ఇళ్లవారు మాఘమాసంలో ఇక్కడికి వస్తారు. కాళ్లు రావాలని, మాట రావాలని ఈ తల్లికి మొక్కకూడదు. తండ్రి బిడ్డను ఎత్తుకుని, వరుసలో ఉన్నవారందరూ వినేలా ‘నా బిడ్డ’ అని మూడుసార్లు చెప్పాలి. అలా చెప్పిన ఇంట భయం నిలవదని నమ్మకం. కొందరికి మొదటిసారే గొంతు పెగలదు. వరుస ఆగుతుంది, ఎవరూ తొందరపెట్టరు. తల్లిని మాత్రం ఇక్కడ ఎవరూ ఏమీ అడగరు.